నాన్న కారుకు నేను పోసిన తలంటు

బానెట్ కళ్ళు తెరిచింది.

కవిత్వం అనుకునేరు. కాదు. మూడేళ్ళ కిందట వానాకాలంలో ఒక సోమవారం పొద్దున, యూనివర్సిటీ క్వార్టర్స్‌లో మా అమ్మానాన్నల ఇంటి పక్కనున్న రేకుల షెడ్డులో నిలబడి కళ్ళారా చూసిన సంగతి చెబుతున్నాను. పెయింటర్ సలీం భాయ్ మా నాన్న పాత కారు బానెట్ మీద స్ప్రే గన్‌తో బూడిదరంగు ప్రైమర్ కొట్టాడు. అసలు రంగుకు ముందు వేసే పూత అది. పాల మీద మీగడలా నున్నగా పరుచుకుంది. నేను "అబ్బ!" అనుకునేలోపు మధ్యలో ఎక్కడో చిన్న గుండ్రటి చిల్లు పడింది. దాని పక్కన ఇంకొకటి. ఆ పక్కన నాలుగు. చూస్తుండగానే పూతంతా ముడుచుకుపోయి, బానెట్ నిండా గుండ్రటి కళ్ళు విచ్చుకున్నాయి. వందల కళ్ళు. ఒక్కటీ రెప్ప వెయ్యదు. అన్నీ నన్నే చూస్తున్నాయి.

"చేప కళ్ళు," అన్నారు యాదగిరి గారు. పాత కార్లకు మళ్ళీ ప్రాణం పోయడం ఆయన వృత్తి. "కింద నూనె ఉంటేనే గిట్ల అయితది. నూనె యాడికెళ్ళి వచ్చింది సలీం భాయ్?"

సలీం భాయ్ ముక్కుకు కట్టుకున్న గుడ్డ కిందికి లాగాడు. "నాకెట్ల తెలుస్తది యాదన్నా?"

యాదగిరి గారు వంగి, డ్రైవర్ తలుపు దగ్గర ముక్కు పెట్టి వాసన చూశారు. లేచి నిలబడ్డారు. అనుమానం తీరక మళ్ళీ వంగారు.

"భాయ్, పొద్దున దోసె తిన్నవా?"

"లే. రొట్టె."

"మరి కారు దోసె వాసన ఎందుకొస్తున్నది?"

నేను మెల్లగా గోడ వైపు జరిగాను. ఎందుకంటే ఆ కళ్ళకూ, ఆ వాసనకూ, తరవాతి ఇరవై నాలుగు గంటల్లో అక్కడ జరిగిన సర్వనాశనానికీ కారకురాలు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఫస్ట్ క్లాసులో పాసైన ఇద్దరు పిల్లల తల్లి. పిల్లలు పడుకున్నాక తార్నాక ఫ్లాట్‌లో వంటింటి గట్టు మీద కాగితాలు పెట్టుకుని ఇది రాస్తున్నది ఆవిడే. (గ్యాస్ కట్టేశానో లేదో ఒక్కసారి చూస్తాను, ఉండండి. కట్టేశాను.)

నేను కంగారు మనిషినని మీకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. తలుపు తాళం వేసి తార్నాక చౌరస్తా దాకా వెళ్ళి, వేశానో లేదోనని వెనక్కి వచ్చి చూసుకునే మనిషిని. మా ఇంట్లో మూడు థర్మామీటర్లు ఉన్నాయి. పిల్లలు తుమ్మితే, వాటిలో రెండైనా ఒకే మాట చెప్పేదాకా వాళ్ళను వదలను. ఇలాంటి మనిషి చేతికి ఒక కారును అప్పగించి వెళ్ళడం యాదగిరి గారు జీవితంలో చేసిన ఒకే ఒక్క తప్పు.

అది మామూలు కారు కూడా కాదు. రెండే సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు. పైకప్పు గుడ్డది, వెనక్కి మడిచేయొచ్చు. విదేశం నుంచి పాఠాలు చెప్పడానికి వచ్చిన ఒక ప్రొఫెసర్ తిరిగి వెళ్ళిపోతూ దాన్ని నాన్నకు వదిలేశాడట. నాన్నది అనంతపురం దగ్గర ఊరు. ఇక్కడ జియాలజీ చెప్పడానికి వచ్చాడు. పెళ్ళయిన కొత్తలో, సాయంత్రం క్లాసులు అవగానే అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, కప్పు తీసేసి, క్యాంపస్ రోడ్లన్నీ చుట్టి వచ్చేవాడట. హాస్టల్ కుర్రాళ్ళు కిటికీల్లోంచి ఈలలు వేసేవాళ్ళట. అమ్మ ఈ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ కొంగు సర్దుకుంటుంది.

తరవాత నేను పుట్టాను. రెండు సీట్ల కారులో మూడో మనిషికి చోటెక్కడిది?

"మరి నన్ను ఎక్కడ కూర్చోబెట్టారు?" అని చిన్నప్పుడు అడిగితే అమ్మ అనేది, "యాడ కూచోబెట్టేదే? బానెట్ మీదనా?"

నాన్న స్కూటర్ కొన్నాడు. కారును "ఎండాకాలం వస్తే తీద్దాం" అని షెడ్డులో పెట్టాడు. ముప్పై ఎండాకాలాలు వచ్చి పోయాయి. షెడ్డులోకి వెళ్ళింది ఎర్ర కారు. గోనెసంచులు తొలగించి చూస్తే అప్పటికీ ఎర్రగానే ఉంది, కాకపోతే అది రంగు కాదు, తుప్పు. ఎవరైనా "మీ నాన్న కారేమైంది పాపా?" అని అడిగితే నేను "నేను పుట్టాను" అని జవాబు చెప్పేదాన్నట. నవ్వకండి. ముప్పై ఏళ్ళుగా నా గుండెలో ఒక మూల ఆ కారు అలాగే పార్క్ చేసి ఉంది.

ఆ ఏడు నాన్న రిటైర్ అవుతున్నాడు. నెలాఖరు శనివారం ఆఖరి రోజు. ఆ రోజు డిపార్ట్‌మెంట్ మెట్లు దిగి, అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, తన కారులో తను ఇంటికి రావాలి. క్యాంపస్ లోపలి రోడ్డే, మహా అయితే పది నిమిషాల దారి. ఆ పది నిమిషాలు వాళ్ళకు తిరిగి ఇవ్వాలని నేను పట్టుబట్టాను.

అలా వచ్చారు యాదగిరి గారు, రామంతాపూర్ వర్క్‌షాప్ నుంచి. మొదటి రోజు ఒక స్క్రూడ్రైవర్ పట్టుకుని కారు చుట్టూ తిరిగి, అక్కడక్కడ పొడిచి చూశారు. పొడిచిన చోటల్లా స్క్రూడ్రైవర్ అటువైపు తేలింది.

"అమ్మా, ఇది కారు కాదు. జల్లెడ."

"బాగవుతుందాండీ?"

"అయితది. ఎందుకు కాదు? గని నా మాట ఇనాలె."

ఇంజను ఊడదీసి రామంతాపూర్ తీసుకెళ్ళారు. బాడీని లేపితే నడుం విరుగుతుందని షెడ్డులోనే పని పెట్టారు. మూడు నెలలు. పుచ్చిన నేల కోసి కొత్త రేకు అతికారు, పాత రంగు గీకారు, తుప్పు గీకారు. నాన్న రిటైర్మెంటుకు సరిగ్గా వారం ముందు, శనివారం సాయంత్రానికి, కారు ఒంటి మీద నూలుపోగు లేకుండా కొత్త స్టీలు పళ్ళెంలా మెరుస్తూ నిలబడింది.

"రేపు మా వారాసిగూడ గల్లీల బోనాలు, రాను," అన్నారు యాదగిరి గారు. "సోమవారం ప్రైమర్ కొడతం. బుధవారం ఎర్ర రంగు. శుక్రవారం ఇంజను బిగిస్త. శనివారం సారు నడుపుతరు. ఒక్కటే మాట మేడం. ఇప్పుడిది ఒట్టి ఇనుము. పసిపిల్ల లెక్క. చెయ్యి పెట్టొద్దు, నీళ్ళు తగలొద్దు. గుడ్డ కప్పి ఉంచుండ్రి, గంతే."

ఎంత స్పష్టంగా చెప్పారో చూశారా? అందులో నా చెవికెక్కింది మాత్రం ఒకే ఒక్క మాట. పసిపిల్ల.

పసిపిల్లను ఎలా చూసుకోవాలో ఇద్దరిని పెంచుతున్న నాకు ఇంకొకరు చెప్పాలా?

ఆదివారం అమ్మానాన్న సీతాఫల్‌మండిలో ఎవరిదో నిశ్చితార్థానికి వెళ్ళారు. కారు కాపలా నాది. ఆరేళ్ళ మా అన్వి, నాలుగేళ్ళ చిన్నూ నాకు సహాయకులు. పొద్దున్నుంచే మబ్బు పట్టింది. ఇంట్లో ఉప్పు డబ్బా చెమర్చింది. గోడలు చెమర్చాయి. నేను పది నిమిషాలకోసారి షెడ్డులోకి వెళ్ళి, గుడ్డ ఎత్తి చూడ్డం, దించడం. పదకొండోసారి ఎత్తినప్పుడు కుడి మడ్‌గార్డు మీద ఆవగింజంత గోధుమరంగు చుక్క కనబడింది. అది ఎండిన చీమ కూడా కావచ్చు. ఇప్పుడు ఆలోచిస్తే చీమే.

యాదగిరి గారికి ఫోన్ చేశాను. అవతల డప్పులు.

"తుప్పు వస్తోందండీ!"

"ఆఁ? ఎవరొస్తున్నరు?"

"తుప్పు! తుప్పు!"

"రమ్మనుండ్రి మేడం, భోజనాలున్నయ్!"

డప్పుల మధ్యలో లైన్ తెగింది. నేను వంటింట్లో అటూ ఇటూ తిరుగుతున్నాను. తిరుగుతుంటే గోడకు వేలాడుతున్న అమ్మ దోసె పెనం కనబడింది. ఇనప పెనం. అమ్మ కాపురానికి వచ్చినప్పుడు తెచ్చుకున్నది. దోసెలు వేయడం అవగానే కడిగి, తుడిచి, సగం కోసిన ఉల్లిపాయను నూనెలో ముంచి రుద్ది పెడుతుంది. నిగనిగలాడుతోంది. ఒక్క చుక్క తుప్పు లేదు.

మీరే ఆలోచించండి. ఒకే ఇల్లు. ఒకే గాలి, ఒకే వాన. పెనం వజ్రంలా ఉంది, కారు జల్లెడ అయింది. తేడా ఎక్కడుంది? నూనెలో! ఇనుముకు నీరూ ఆక్సిజనూ తగిలితే తుప్పు. నూనె పూస్తే రెండూ తగలవు. పరీక్షలో పది మార్కులకు బొమ్మ గీసి మరీ రాశాను. ముప్పై ఏళ్ళుగా ఈ చిన్న విషయం ఎవరికీ తట్టలేదేమిటని జాలి కూడా వేసింది.

నువ్వుల నూనె గోరువెచ్చగా కాచాను. (పసిపిల్ల కదా. చల్లటి నూనె ఎలా రాస్తాం?) ఫోర్కుకు సగం ఉల్లిపాయ గుచ్చి డ్రైవర్ తలుపుతో మొదలుపెట్టాను. నాలుగు ఉల్లిపాయలు అరిగిపోయినా తలుపు కూడా పూర్తి కాలేదు. ఉల్లి పక్కన పడేసి అరచేతులతో దిగాను. పిల్లలు కూడా దిగారు.

"అమ్మా, కారు బొజ్జ ఎక్కడ?" అంది అన్వి.

"తలుపుల దగ్గర. గుండ్రంగా రాయి."

చిన్నూ హెడ్‌లైట్లు ఊడదీసిన గుంటల చుట్టూ చూపుడు వేలితో రాస్తూ, "కల్లల్లో పదకూదదు, కల్లల్లో పదకూదదు," అని తనలో తను చెప్పుకుంటున్నాడు. కారు ఆపాదమస్తకం మర్దన చేయించుకుంది. నా పిల్లలిద్దరికీ కలిపి కూడా అంత నూనె ఎప్పుడూ పట్టించలేదు. జిడ్డు కనబడకుండా మెత్తటి గుడ్డతో అద్ది, దుప్పటి కప్పి, "ఇది సర్‌ప్రైజ్, ఎవరికీ చెప్పకండి," అన్నాను. ఆ రాత్రి తార్నాకలో ఎంత హాయిగా నిద్రపోయానంటే, తాళం కూడా ఒక్కసారే చూసుకున్నాను.

నిశ్చితార్థం నుంచి తిరిగొచ్చిన అమ్మ మాత్రం నేను బయల్దేరే ముందు అడిగింది. "ఏమే వసూ, నూనె డబ్బా ఇంత తేలిగ్గా ఉండాది?"

"పునుగులు వేశానమ్మా."

"మాకు యాడ?"

"అయిపోయాయి. పిల్లలు తినేశారు."

మొదటి అబద్ధం. ఎంత సులువుగా వచ్చిందో!

ఇక సోమవారం పొద్దున ఏం జరిగిందో మీకు తెలుసు. కళ్ళు. దోసె వాసన. నేను గోడకు అతుక్కుని నిలబడ్డాను. యాదగిరి గారు సలీం భాయ్ వైపు తిరిగారు.

"గాలి కొట్టే కంప్రెషర్ల ఆయిల్ లీకైతున్నట్టుంది. ఏం ఆయిల్ పోసినవ్ దాంట్ల? సస్తా ధరది తెచ్చినవా?"

"యాదన్నా, ముప్పై సాల్ల సంది గన్ పడుతున్న. నాకు తెల్వదా?"

"తెలిస్తే ఈ కళ్ళు ఎట్ల వచ్చినయ్?"

అరవై దాటిన మనిషి సలీం భాయ్. బానెట్ మీది పూతంతా థిన్నర్‌తో తుడిచేశాడు. ఇద్దరూ కలిసి కంప్రెషర్‌ను ట్రాలీ ఆటోలోకి ఎక్కించి, విప్పి చూడ్డానికి రామంతాపూర్ తీసుకెళ్ళారు. నేను అప్పుడే నోరు తెరిచి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కారంతా థిన్నర్‌తో తుడిచి మధ్యాహ్నానికల్లా మళ్ళీ ప్రైమర్ కొట్టేవాళ్ళు. తెరవలేదు. చదువుకున్నదాన్ని కదా, పరువు అడ్డం వచ్చింది. పైగా నా దగ్గర పరిష్కారం ఉందనిపించింది.

నూనె పోవాలి. అంతే కదా? ప్రతి ఆదివారం పిల్లల తలల మీది నూనె నేను దేంతో వదిలిస్తున్నాను?

అవును. కుంకుడుకాయలతో.

బోనాల సెలవు కాబట్టి పిల్లలు నా వెంటే ఉన్నారు. నాన్న సెలవైనా తన రాళ్ళ నమూనాలు అప్పగించడానికి డిపార్ట్‌మెంట్‌కు వెళ్ళాడు. అమ్మ మధ్యాహ్నం కునుకు తీస్తోంది. నేను కుంకుడుకాయలు కొట్టి, వేడినీళ్ళలో పిసికి, ఒక బకెట్టు నిండా నురగ తీశాను. అన్వి మగ్గుతో పోస్తుంటే నేను రుద్దాను. చిన్నూ టైర్ల దగ్గర కూర్చుని, "కల్లు మూసుకో, మండుతుంది," అని కారుకు ధైర్యం చెబుతున్నాడు. ఎనిమిది బకెట్ల నీళ్ళు. ఇంట్లో ఉన్న తువ్వాళ్ళన్నీ. అయినా సందుల్లో తడి మిగిలింది. తలంటు తరవాత తడి ఆరాలంటే ఏం చేస్తాం?

మీరు ఊహించారు. అవును. సాంబ్రాణి వేశాను. ధూపం పట్టుకుని కారు చుట్టూ, కారు కిందా, డిక్కీలోనూ.

ఆ పొగ వాసనకు అమ్మ లేచి వరండాలోకి వచ్చింది. "ఈ వేళప్పుడు ఎవురికే తలంటు పోసినావు?"

"పిల్లలకమ్మా."

అమ్మ చిన్నూ తల నిమిరింది. "జుట్టు తడే లేదు!"

"సాంబ్రాణి మంచిదమ్మా. వెంటనే ఆరిపోయింది."

రెండో అబద్ధం. పిల్లలిద్దరూ నా మొహంలోకి చూశారు. మంచి టీచరు పాఠం చెబుతుంటే చూస్తారే, అలా. అప్పుడు నాకు అది పట్టలేదు. చివరిసారిగా ముగ్గురం కారును అరచేతులతో అక్కడక్కడ తట్టాక, దుప్పటి కప్పి ఇంటికి పోయాను. వాన రాత్రంతా కురిసింది. నేను రాత్రంతా కిటికీ దగ్గరే ఉన్నాను.

మంగళవారం పొద్దునకు ఇద్దరికీ జలుబు. ఎనిమిది బకెట్లలో సగం వాళ్ళ కాళ్ళ మీదే పడ్డాయి మరి. మూడు థర్మామీటర్లూ ఒకే మాట చెప్పాయి కాబట్టి బడి మాన్పించి అమ్మ దగ్గరికి తీసుకొచ్చాను. అప్పటికే యాదగిరి గారు షెడ్డులో ఉన్నారు. దుప్పటి లాగారు.

కమలాపండు చూశారా? ఆ రంగు. శనివారం స్టీలు పళ్ళెంలా మెరిసిన కారు ముందు నుంచి వెనక్కి, పై నుంచి కిందికి, సన్నటి కొత్త తుప్పుతో కమలాపండులా పండింది. సందుల వెంట నీళ్ళు కారిన చారలు. మధ్యమధ్య ఇంకాస్త ముదురు రంగులో మరకలు. యాదగిరి గారు ఒక చార మీద వేలితో గీసి, వేలు చూసుకున్నారు. ఆ తరవాత మాట్లాడకుండా ఉంటే బాగుండేది.

"సలీం భాయ్, నిన్న ఆఖర్ల తుడిచింది నువ్వే. దేంతోని తుడిసినవ్? థిన్నర్ల నీళ్ళు కలిపిన్రా?"

"నిన్న కంప్రెషర్ అన్నవ్. మొత్తం విప్పినం. చుక్క ఆయిల్ లే." సలీం భాయ్ గొంతు పెద్దది చేయలేదు. "ఇయ్యాల థిన్నర్ అంటున్నవ్. రేపు నా చెయ్యి వణుకుతున్నదంటవ్. బస్, చాలు యాదన్నా. ముసలోన్నైన, గదే కదా నువ్వనేది?"

"నేను గట్లన్ననా?"

"అనకుంటనే అన్నవ్." స్ప్రే గన్‌ను గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. "ఇంకొకణ్ణి చూసుకో."

అప్పుడే నాన్న చాయ్ గ్లాసుతో వచ్చాడు. "ఏందప్పా, ఏమైంది? సలీం భాయ్, యాడికి?"

శనివారానికి మధ్యలో మూడు రోజులు. సలీం భాయ్ లేకపోతే కారు లేదు. అంతకంటే ముందు, నా పరువు కోసం ఒక పెద్దమనిషి తన ముప్పై ఏళ్ళ పనితనాన్ని సంచిలో సర్దుకుని పోతున్నాడు. చెప్పాలి. సరిగ్గా అప్పుడు నా వెనకనుంచి ఒక తుమ్ము, ఆ వెంటనే అన్వి గొంతు.

"పిల్లి, తాతా."

యాదగిరి గారు తిరిగారు. "ఏంది బిడ్డా?"

"పెరట్లో పిల్లి ఉంది కదా. అది అమ్మమ్మ నూనె డబ్బా తన్నేసింది. తరవాత వచ్చి కారు మీద దొర్లింది."

"కారు మొత్తమా?"

"పెద్ద పిల్లి."

"మరి గీ నీళ్ళు?"

"జిడ్డుగా ఉందని స్నానం కూడా చేసింది."

రెప్ప వెయ్యలేదు. తడబడలేదు. పునుగుల దగ్గర, సాంబ్రాణి దగ్గర నేను వాడిన గొంతు అది, అచ్చు గుద్దినట్టు. పక్కనే చిన్నూ తుమ్ము ఆపుకుంటూ గట్టిగా తల ఊపుతున్నాడు. బానెట్ మీద వందల కళ్ళు తెరుచుకున్నప్పుడు కూడా నాకు అంత భయం వేయలేదు.

యాదగిరి గారు కారు దగ్గరికి వెళ్ళి, ముదురు రంగు మరక ఒకదాని ముందు వంగారు. దాని పక్కన తన అరచెయ్యి పెట్టి చూశారు. తన చెయ్యి పెద్దది. అన్వి చేతి వైపు చూశారు. అది మరీ చిన్నది.

"ఈ పిల్లికి అయిదు వేళ్ళున్నయ్ సార్," అన్నారు నెమ్మదిగా. "ఉంగరం గూడ ఉన్నది."

అందరూ నా చేతుల వైపు చూశారు. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. తరవాత ముందుకు తెచ్చాను.

"నేనే. సలీం భాయ్ తప్పు ఏమీ లేదు. నూనె నేనే రాశాను, నీళ్ళు నేనే పోశాను." ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పేశాను. చీమ దగ్గర మొదలుపెట్టి ధూపం దాకా.

"దోసె పెనమా?" అన్నారు యాదగిరి గారు.

"అవునండీ."

"కుంకుడుకాయలా?"

"అవునండీ."

"సాంబ్రాణి గూడ?"

"కొంచెమే."

"మేడం, మీరేం చదివిన్రు?"

"ఎమ్మెస్సీ. కెమిస్ట్రీ."

ఆయన కారు వైపు చూశారు, రేకుల వైపు చూశారు, రేకుల పైన ఉన్న ఆకాశం వైపు చూశారు. "నన్ను మా నాయన ఏడో తరగతిల బడి మాన్పిచ్చిండు. గిన్నేండ్లు తిట్టుకున్న ఆయనను."

మొదట నవ్వింది సలీం భాయ్. సంచి కింద పెట్టి, స్టూలు మీద కూలబడి, భుజాలు కదిలేలా నవ్వాడు. "ముప్పై సాల్లల్ల శానా కార్లు చూసిన. సాంబ్రాణి ఏసుకున్న కారును ఇదే చూసుడు!"

యాదగిరి గారు ఆయన ముందుకెళ్ళి నిలబడ్డారు. "భాయ్, మాఫ్ చెయ్యి."

"చాయ్ తాపియ్యి ముందు. మాఫీ తర్వాత చూద్దం."

నాన్న చాయ్ గ్లాసు కింద పెట్టాడు. కారు చుట్టూ తిరిగి, నా చేతి ముద్రలనూ, వాటి పక్కన పిల్లల బుల్లి ముద్రలనూ, రాతిలో దొరికిన శిలాజాలను చూసినట్టు ఒక్కొక్కటీ వంగి చూశాడు. నేను ఏడవడానికి సిద్ధంగా ఉన్నాను.

"నీ వల్ల పుట్టిన తుప్పు ఒక్క రాత్రిదేమ్మా," అన్నాడు. "నా వల్ల పుట్టింది ముప్పై ఏండ్లది. ఎండాకాలం వస్తే తీద్దాం అంటా పోయింది నేను. నువ్వు పుట్టినందుకు కాదులే."

ఈ మాట నాన్న ఒక ఇరవై ఏళ్ళ ముందు చెప్పి ఉంటే ఒక కిలో నూనె మిగిలేది.

యాదగిరి గారు నా చేతికి గరుకు కాగితం అందించారు. "ఇప్పుడు పెట్టుండ్రి చెయ్యి. ఎంత గావాల్నంటే అంత." మంగళ, బుధ, గురువారాలు నేను ఆ తుప్పు గీకాను. పడుకుంటే కలలో కూడా గీకాను. నా మొగుడు "అర్ధరాత్రి దుప్పటి గీకుతున్నావేంటే?" అని లేపాడు. శుక్రవారానికి ప్రైమర్ పడింది. ఒక్క కన్ను కూడా తెరుచుకోలేదు. ఇంజను బిగించారు. కాని ఎర్ర రంగు వేసి ఆరబెట్టే టైము నా తలంటులో కొట్టుకుపోయింది.

అందుకే శనివారం సాయంత్రం మా నాన్న డిపార్ట్‌మెంట్ మెట్లు దిగి, పూలదండతో, ఎర్ర కారులో కాకుండా బూడిదరంగు కారులో కూర్చున్నాడు. నేను సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఆయన కుర్ర సహోద్యోగి ఒకడు వచ్చి బానెట్ మీద వేలితో రాసి, "మ్యాట్ ఫినిషా సార్? ఇప్పుడిదే లేటెస్ట్!" అన్నాడు.

"అవునప్పా," అన్నాడు నాన్న. "మా పాప సెలెక్షన్."

ఇంజను దగ్గి, ఉమ్మి, ఉరిమింది. అమ్మ పక్క సీటులో కొంగు సర్దుకుంది. హాస్టల్ కిటికీలోంచి ఎవడో నిజంగానే ఈల వేశాడు. నేను ఇద్దరు పిల్లల చేతులూ పట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డాను. కారు కదలబోతూ ఉండగా అమ్మ వెనక్కి తిరిగింది.

"వసూ! బానెట్ మీద కూచుంటావా?"

నేను నవ్వానో ఏడ్చానో పిల్లలను అడగండి. వాళ్ళు కూడా ఇద్దరూ రెండు రకాలుగా చెబుతారు.

మర్నాడు ఆదివారం. తలంటు రోజు. నేను నూనె గిన్నె తీయగానే అన్వి సోఫా వెనక్కి దూరింది. "నూనె రాస్తే రంగు అంటదని యాదగిరి తాత చెప్పాడు. మరి మాకు రాస్తే చదువు ఎలా అంటుతుంది?"

గిన్నె కింద పెట్టి, ఇద్దరినీ వంటింట్లోకి పిలిచి, మా దోసె పెనం దించాను. దాని మీద కుడి చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను. "ఈ రోజు నుంచి ఈ ఇంట్లో తలంటు జుట్టు ఉన్నవాళ్ళకే. కార్లకు లేదు, స్కూటర్లకు లేదు, ఫ్రిజ్‌కు లేదు. ఏదైనా పాడైతే పాడుచేసిన వాళ్ళే ముందు చెప్పాలి. అందరికంటే ముందు అమ్మ చెప్పాలి. పునుగులు వెయ్యకుండా వేశానని అమ్మ ఇంకెప్పుడూ అనదు."

చిన్నూ చాలా శ్రద్ధగా విన్నాడు. తరవాత నూనె గిన్నె రెండు చేతులతో ఎత్తుకుని గుమ్మం వైపు నడిచాడు.

"ఎక్కడికిరా?"

"అమ్మమ్మ వాల్లింటికి. పిల్లికి జుత్తుంది కదా?"

"దాని జోలికి వెళ్ళకు నాన్నా," అన్నాను. "దానికి మనం ముందు క్షమాపణ చెప్పాలి."